నాలుగో స్క్రూ

కోడలి చేతిలోంచి జారిన స్క్రూడ్రైవర్ బల్ల కిందికి దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. ఆమె వంగి తీసుకోలేదు. తీసుకోవాలన్న ధ్యాసే లేదు.

పొద్దున షాపు తలుపులు తీయగానే జులపాలాయన మోసుకొచ్చి పెట్టి వెళ్ళిన గిటార్ ఆంప్లిఫయర్ ఆమె ముందు విప్పి ఉంది. ముందువైపు పేరు లేదు, వెనకవైపు నంబరు లేదు. "ఫ్యాక్టరీ సరుకు కాదండీ, ఒక్క మనిషి చేత్తో కట్టింది. తీగ మీటితే గుండెల్లో మోగుతుంది. అప్పుడప్పుడు మాత్రం చిటపటమని గోల చేస్తోంది. ఇంట్లో ఇప్పటిదాకా వాయించి, ఆపేసి, అలాగే పట్టుకొచ్చాను" అని చెప్పి, జుట్టు వెనక్కి ఎగదోసుకుంటూ వెళ్ళిపోయాడు. అతను గడప దాటగానే అత్త, "ఆ జుట్టుకి రాసే నూనె మానేస్తే ఇంకో గిటారొస్తుంది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత కోడలు వెనక చెక్క ఊడదీసి, లోపలి ఇనుప పెట్టెను బయటికి లాగి, బల్ల మీద బోర్లించి, లోపలికి తొంగి చూసింది.

మొదట కనిపించింది తీగల కట్ట. కట్ట పొడుగునా బిగించిన మైనపు దారం. ఆ దారానికి వరసగా వేసిన ముళ్ళు.

ఆ ముడి వేసే మనిషి పోయి ఆరేళ్ళు దాటింది. ఆ మనిషి ఆమె భర్త.

"ఏమిటే అది? ఏదో పడ్డట్టుంది?" ముందు గదిలోంచి అత్త గొంతు, కుట్టుమిషన్ చప్పుడు మీదుగా.

"ఏం లేదత్తయ్యా. స్క్రూడ్రైవర్."

తన గొంతు మామూలుగానే వచ్చినందుకు కోడలికే ఆశ్చర్యం వేసింది. షాపంటే నిజానికి ఒకటే పొడుగాటి గది. మధ్యలో తెర కట్టి రెండు చేశారు. వీధివైపు అత్త కుట్టుమిషను, కత్తెర్లు, గిటార్ల సంచుల కోసం తెచ్చిన మందపాటి గుడ్డ. వెనకవైపు కోడలి బల్ల, మీటర్లు, అరల నిండా ఆంప్లిఫయర్లలో వాడే గాజు ట్యూబులు. ఆంప్‌ల లోపలిది కోడలు బాగుచేస్తుంది, పైన చిరిగిన గుడ్డ, తోలు అత్త అతికిస్తుంది. లోపలి జబ్బు నీది, పై అందం నాది అంటుంది అత్త. అతను పోయాక ఇద్దరూ కలిసి నిలబెట్టుకున్న బతుకు అది.

పాతది అయ్యుంటుంది, అనుకుంది కోడలు. ఎప్పుడో కట్టి అమ్మింది, చేతులు మారి మారి ఇక్కడికి వచ్చింది. అలా ఎన్ని రాలేదు? కట్టేటప్పుడు అతని పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందించింది తనే కదా.

దీపం దగ్గరికి లాక్కుని చూసింది. పాత పద్ధతి బోర్డు. అచ్చువేసిన రాగిగీతలు లేవు, ఒక్కో ఇత్తడి గుబ్బకూ చేత్తో తీగ చుట్టి సీసం కరిగించాడు. సీసం ఎక్కడా బొట్టుగా నిలవలేదు, నీటిపొరలా జారి అతుక్కుంది. తీగ మలుపు తిరిగిన ప్రతిచోటా పెన్సిల్ మీద వంచినట్టు ఒకే వంపు. రెసిస్టర్ల మీది రంగు గీతలన్నీ ఎడమ నుంచి కుడికి, పుస్తకం చదువుకున్నట్టు. ఒక్కటి కూడా తిరగబడి లేదు. తిరగబడితే ఏమవుతుందో కోడలికి తెలుసు. ఆంప్‌కి ఏమీ కాదు. పెట్టినవాళ్ళకే అవుతుంది. ఒకసారి సీసం కరిగించే వేడి ఇనుమును స్టాండులో సరిగ్గా పెట్టలేదని, ఎలా పెట్టాలో ఆమె మోచేతి మీద చూపించాడు. బల్ల ముందు కూర్చున్నంతసేపూ అంత నెమ్మదైన మనిషి ఉండడు. లేచాకే.

పెద్ద కెపాసిటర్ మీద తయారైన సంవత్సరం చిన్న అక్షరాల్లో అచ్చై ఉంది. కోడలు కళ్ళు చికిలించి చదివింది. ఇంకోసారి చదివింది.

పోయినేడాదిది.

చచ్చిపోయినవాడు పోయినేడాది కెపాసిటర్‌ను ఎలా అతికిస్తాడు?

ఆమె బల్ల మీది తుడుపుగుడ్డ తీసి తీగల కట్ట మీద కప్పేసింది. ముందు అత్త కంట పడకూడదు. కన్న కడుపు. ఆరేళ్ళుగా ఆవిడ కొడుకు ఊసు ఎత్తదు. గోడ మీది ఫోటో కూడా తీసి ఎక్కడో పెట్టేసింది. ఇప్పుడు ఆ ముడి చూస్తే గుండె ఆగిపోతుంది. తనే ఆలోచించాలి. పనిలో ఉంటే బుర్ర పనిచేస్తుంది. అందుకని పని మొదలుపెట్టింది.

ఇలాంటి ఆంప్ విప్పినప్పుడు ఎవరైనా మొదట చేయాల్సింది ఒకటే. ప్లగ్గు పీకేసినా, లోపలి పెద్ద కెపాసిటర్లు కరెంటును కడుపులో దాచుకుని కూర్చుంటాయి. చచ్చిందనుకున్న పాము తోక పట్టుకున్నట్టే వాటిని ముట్టుకోవడం. కోడలు మీటరు తీసి రెండింటినీ పరీక్షించింది. సున్నా. మళ్ళీ సున్నా. కరెంటును నెమ్మదిగా పారబోసే రెసిస్టరు తన పని తాను చేసింది. ఆమె ఊపిరి కాస్త కిందికి దిగింది.

చిటపట ఎక్కడినుంచో కూడా తేలిగ్గానే దొరికింది. పొడుగాటి పుల్లతో బోర్డును తడితే, మధ్యలో కింద ఏదో వదులుగా కదిలింది. చూడాలంటే బోర్డు పైకెత్తాలి. బోర్డుకు నాలుగు మూలలా నాలుగు స్క్రూలు.

ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, చూపుడువేలు కడ్డీ మీద ఆనించి, కుడిచేత్తో ఇనుప పెట్టె అంచును అదిమిపట్టి తిప్పుతుంది. కడ్డీ మీద వేలు పెట్టకు, చస్తావు ఏదో ఒకరోజు అని అతను తిట్టని రోజు లేదు. ఎన్ని తిట్లు తిన్నా ఆ అలవాటు పోలేదు.

అరలోంచి ఇంకో స్క్రూడ్రైవర్ తీసింది. ఒక స్క్రూ ఊడింది. రెండోది. మూడోది కాస్త మొరాయించి ఊడింది. నాలుగోదాని మీదికి కడ్డీ వంచింది. కుడిచేయి పెట్టె అంచు మీద ఉంది. మొన స్క్రూ గాడికి వేలెడు దూరంలో ఆగింది.

నాలుగో స్క్రూ కింద ఎర్రటి ఫైబరు వాషరు ఉంది.

ఊడదీసిన మూడింటినీ చూసింది. వాటికి లేదు. మరచిపోయాడా? మూడు ఒకలా, నాలుగోది ఇంకోలా చేసే మనిషి కాదతను. చేశాడంటే కావాలని చేశాడు. ఫైబరు వాషరు వేసేది ఎందుకు? ఆ స్క్రూ ఇనుప పెట్టెకు తగలకుండా విడిగా ఉండడానికి. బోర్డును పట్టుకునే స్క్రూ విడిగా ఎందుకుండాలి?

ఆమె స్క్రూడ్రైవర్‌ను చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న కుక్క పక్కనుంచి నడిచినట్టు వెనక్కి తీసుకుంది. మీటరు ఒక మొన పెట్టెకు, ఇంకో మొన ఆ స్క్రూకు ఆనించింది.

అంకెలు గబగబా ఎక్కి నాలుగువందల దగ్గర నిలబడ్డాయి.

చెవుల్లో హోరు. ముందు గదిలో మిషన్ కుడుతూనే ఉంది గానీ చాలా దూరంలో ఉన్నట్టు వినిపించింది. పళ్ళడాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి ఆమె దగ్గరుంది. దాన్ని బోర్డు కిందికి పోనిచ్చి టార్చి వేసింది. కింద బొటనవేలంత లావు కెపాసిటర్ ఒకటి బంకతో అతికించి ఉంది. పాటతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆంప్‌లో అది చేసే పని లేదు. లోపలికి కరెంటును వెళ్ళనిచ్చి బయటికి రానివ్వని డయోడ్ ఒకటి దానికి కాపలా. మిగతావన్నీ ఖాళీ అయినా అది మాత్రం నిండుగా ఉంటుంది. దాని ఒక తీగ ఇనుప పెట్టెకు. ఇంకోటి నాలుగో స్క్రూకు.

ఎడమచేతి వేలి నుంచి కుడిచేతి దాకా. మధ్యలో గుండె.

చిటపట కూడా ఎరే. బోర్డు ఎత్తించడానికే ఒక అతుకు వదులుగా వదిలాడు. చేత్తో కట్టిన ఆంప్‌లు చుట్టుపక్కల ఎక్కడ పాడైనా చివరికి వచ్చేది ఈ బల్ల మీదికే. ఈ బల్ల ముందు కూర్చునేది ఒక్కతే. ఎడమచేతి వాటం. కడ్డీ మీద వేలు.

ఇది తనకోసం కట్టిన ఆంప్.

"అన్నం వేళయింది, ఇంకా లేవవేం?" అంటూ అత్త తెర తొలగించుకుని వచ్చింది. మెడలో కొలత టేపు, వేలికి ఇత్తడి తొడుగు. కోడలి మొహం చూసి ఆగింది. తర్వాత బల్లను చూసింది. అద్దం పెట్టే తొందరలో కోడలు పక్కకు నెట్టిన తుడుపుగుడ్డ కింద పడిపోయి ఉంది. తీగల కట్ట, దారం, ముళ్ళు అన్నీ దీపం వెలుగులో కనిపిస్తున్నాయి.

అత్త దగ్గరికి వచ్చి, సూది ఎక్కించేటప్పుడు వంగినట్టు వంగి, ముడి మీదికి వేలు చాపింది.

"ముట్టుకోకండి!"

కోడలు ఆవిడ చెయ్యి పట్టి ఎంత గట్టిగా లాగిందంటే ఇద్దరూ తూలి వెనకనున్న అరకు కొట్టుకున్నారు. పై అరలో గాజు ట్యూబులు గలగలమన్నాయి.

"పాతదత్తయ్యా," అంది కోడలు రొప్పుతూ. "ఎప్పుడో కట్టింది. చేతులు మారి వచ్చింది. మీరు ముందు గదిలోకి వెళ్ళండి, నేనూ వస్తున్నాను."

"పాతదయితే మైనం తెల్లగా పొడిబారుతుంది," అంది అత్త. "ఇది ఇంకా మెరుస్తోంది. రెండు చుట్లు తిప్పి, వెనక్కి దూర్చి, మళ్ళీ మీదనుంచి. బరువు సంచులు కుట్టడానికి నేను కనిపెట్టుకున్న ముడి ఇది. చిన్నప్పుడు అల్లరి చేస్తుంటే చేతికి దారమిచ్చి కూర్చోబెట్టేదాన్ని. అప్పుడు నేర్పాను." ఆవిడ కళ్ళు ముడి మీదనుంచి కదలలేదు. "అయితే వచ్చాడన్నమాట."

ఆ మాట అన్న తీరుకు కోడలు ఆవిడ చెయ్యి వదిలేసింది. అందులో ఆశ్చర్యం లేదు. ఏడుపు లేదు. ఎప్పుడో వేసిన లెక్క సరిపోయినప్పటి గొంతు.

"మీకు తెలుసా?"

అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. వేలి తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా, మిమ్మల్నే. అతను బతికున్నాడని మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి." అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వప్పుడు పక్కటెముకలు విరిగి ఆసుపత్రిలో ఉన్నావ్. వాడు పనిచేసే గోదాం తగలబడిందని, లోపల ఒక మనిషి దొరికాడని నాకు కబురొచ్చింది. గుర్తుపట్టమన్నారు. వెళ్ళాను. మొహం లేదు. పాదాలు మాత్రం కాలలేదు, ఏదో బరువు కింద ఉండిపోయాయట. వాడికి నాలుగేళ్ళప్పుడు మిషన్ కింద కాలు పెడితే సూది దిగింది. ఎడమ బొటనవేలి గోరు మధ్యకి చీలింది, మళ్ళీ అతుక్కోలేదు. ఆ గోరు ఎన్నిసార్లు కత్తిరించాను నేను! అక్కడున్న కాలికి గోరు నున్నగా ఉంది."

"మరి..."

"వీడే నా కొడుకని చెప్పాను."

వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"కన్నతల్లి చెప్పాక ఎవరు కాదంటారు? వాడు ఎక్కడికి పోయాడో, ఎందుకు దాక్కున్నాడో, ఆ మంట వాడే పెట్టాడో నాకు తెలియదు. ఒకటే తెలుసు. కాగితం మీద చచ్చిపోతే వాడు తన పేరుతో తిరిగి రాలేడు. నువ్వు ఇంటికొచ్చి పడుకోవచ్చు. అంతే ఆలోచించాను."

"ఆ మనిషి ఎవరు? కాలిపోయినాయన?"

"ఏ తల్లి కొడుకో." అత్త గొంతు మొదటిసారి తగ్గింది. "వాళ్ళమ్మ ఇంకా ఎదురుచూస్తుందేమో. నేను వేసుకున్న బరువు అది. నువ్వు మొయ్యక్కర్లేదు."

"ఆరేళ్ళు, అత్తయ్యా! తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి, 'పోయాడు కదా, ఇంకెందుకు భయం' అని నాకు నేను చెప్పుకున్నాను. నాకు చెప్పుండాల్సింది."

"చెప్తే నిద్రపోయేదానివా?"

కొన్నాళ్ళకు ఆమె నిజంగానే నిద్రపోయింది. నవ్వింది కూడా. ఈ పొద్దున కూడా నవ్వింది.

ఆమె మీటరు తీసుకుని మొనలు ఆనించి, అంకెలు కనిపించేలా దాన్ని అత్త వైపు తిప్పింది. "ఇది చూడండి. ఈ ఒక్క స్క్రూ. నేనెలా పట్టుకుంటానో మీకు తెలుసుగా. ఇంకో క్షణమైతే మీరు నన్ను అన్నానికి పిలిచినా పలికేదాన్ని కాదు."

అత్త ఆ అంకెలను చాలాసేపు చూసింది. ఆవిడకు కరెంటు సంగతులు తెలియవు. కానీ ఆ స్క్రూను చూసింది, కోడలి ఎడమచేతిని చూసింది.

"ఇంత ఓపిగ్గానా?" అంది. "కోపంలో కొడతాడు అనుకునేదాన్ని. ఇంత ఓపిగ్గా కూర్చుని..."

కోడలు ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, జులపాలాయనకు చేసింది. రెండో మోతకే ఎత్తాడు.

"అయిపోయిందా అండీ అప్పుడే?"

"చూస్తున్నానండీ. ఇది కట్టినాయన ఎవరు?"

"పేరు చెప్పరండీ ఆయన. మహా మొండి మనిషి, కానీ చెయ్యి మాత్రం బంగారం. వాయించి చూడు, నచ్చితేనే మాట్లాడదాం అని ఇచ్చారు. చిటపటంటోందని చెప్తే మీ షాపు చెప్పింది కూడా ఆయనే. 'ఇంకెవరి చేతా ముట్టించకు, ఆవిడే విప్పాలి' అన్నారు. మీరంటే ఎంత గౌరవమో చూడండి!"

కోడలు బల్ల అంచు పట్టుకుంది. "ఆయన ఇప్పుడెక్కడున్నారు?"

"పొద్దున నన్ను మీ దగ్గర దింపింది ఆయన కారే కదండీ. నేను బస్సెక్కి వచ్చేశాను. ఆయన మాత్రం ఇక్కడ కాస్త పనుంది, అయ్యేదాకా ఉంటానన్నారు. మీ వీధిలోనే ఉండుంటారు, చూడండి."

ఫోన్ పెట్టేసేసరికి అత్త తెర దాటి వీధి అద్దం దగ్గరికి వెళ్ళింది. పక్కకు ఒదిగి నిలబడి చూసింది. ఎదురుగా తాళాలు చేసే కొట్టు, దాని పక్కన మందుల షాపు, ఆ మూల మీద బూడిదరంగు కారు. ఎండ పడి అద్దాలు తెల్లగా మెరుస్తున్నాయి. లోపల ఎవరున్నదీ కనిపించలేదు.

"పోలీసులకి చెప్దాం," అంది కోడలు వెనకనుంచి.

"ఏమని? చచ్చినవాడు నిన్ను చంపడానికి వచ్చాడనా? ముందు అబద్ధం చెప్పిన నన్ను తీసుకెళ్తారు. పోనీ, వెళ్తాను, నాకేం భయం లేదు. నేను వెళ్ళాక ఈ గదిలో ఎవరుంటారు? నువ్వొక్కదానివి." అత్త వెనక్కి వచ్చి బల్ల ముందు నిలబడింది. "వాడు వస్తాడు. పని అయిందో లేదో చూసుకోకుండా వదిలే రకం కాదు. వచ్చి మొదట ఏం ముట్టుకుంటాడు?"

కోడలికి అర్థం కాలేదు.

"నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ తీగల కట్టని బొటనవేలితో నిమురుతాడు. పిల్లిని నిమిరినట్టు. ఎప్పుడూ అంతే." అత్త గొంతు బాగా తగ్గించింది. "నాలుగో స్క్రూ సంగతి వాడికి తెలుసు. దాని జోలికి పోడు. నువ్వు ఆ తీగ మార్చు. కట్టలో ఒకదాని తోలు కాస్త ఒలిచి, దానికి కలుపు. నీకు చేతనవును. నీకు నేర్పింది వాడే."

"అత్తయ్యా..."

"నేను చెప్తున్నాను కదా. పాపం నాది."

సీసం కరిగించే ఇనుము పొద్దుటినుంచి వేడిగానే ఉంది. కోడలి చెయ్యి దానివైపు వెళ్ళింది. వెళ్ళమని ఆమె చెప్పలేదు. ఎంతసేపటి పని! ఏ తీగ ఒలవాలో, ఎక్కడ ఒలిస్తే బొటనవేలికి తగులుతుందో, పైకి ఏమీ తెలియకుండా ఎలా సర్దాలో ఆమెకు అప్పటికే కనిపిస్తోంది. పెన్సిల్ వంపు. నీటిపొరలాంటి సీసం. ఇనుమును చేతిలోకి తీసుకుంది. ఊపిరి బిగబట్టింది. నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుంది.

అతను పని చేసేటప్పుడు అలాగే పెట్టుకునేవాడు.

ఆ పొద్దునంతా పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇనుమును స్టాండులో పెట్టేసి, చేతిని చొక్కాకు తుడుచుకుంది, ఏదో అంటినట్టు. గోడ మేకుకు ఎప్పుడూ వేలాడే క్లిప్పుల తీగ కోసం చూసింది. మధ్యలో రెసిస్టరు ఉండే ఆ తీగ తగిలిస్తే ఎలాంటి కెపాసిటరైనా చప్పుడు లేకుండా ఖాళీ అవుతుంది. మేకు బోసిగా ఉంది. తీగ అత్త పిడికిట్లో ఉంది.

"ఇలా ఇవ్వండి."

"ఇవ్వను."

"అత్తయ్యా, జులపాలాయనే ముందొచ్చి ముట్టుకుంటే? మీరే మరచిపోయి ముట్టుకుంటే? మరచిపోకపోయినా సరే, నేను చెయ్యను. ఇవ్వండి."

"ఇవ్వనన్నానా! నిన్ను పోగొట్టుకోలేనే నేను!"

కోడలు రబ్బరు పిడి స్క్రూడ్రైవర్ తీసి, పిడి చివర మాత్రమే పట్టుకుని, కుడిచేతిని వీపు వెనక పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, కడ్డీని నాలుగో స్క్రూకూ ఇనుప పెట్టెకూ అడ్డంగా ఆనించింది.

తుపాకీ పేలినట్టు పేలింది. నీలం వెలుగు గోడలన్నిటినీ తాకి పోయింది. అత్త చెవులు మూసుకుని అరిచింది. కడ్డీ మొన కరిగి గుంట పడింది, గదంతా కాలిన ఇనుము వాసన. మీటరు పెట్టి చూస్తే సున్నా.

"పిచ్చిదానా," అంది అత్త. "చేతికొచ్చినదాన్ని నేలపాలు చేశావు."

"మీ కొడుకు, అత్తయ్యా."

"నా కొడుకని నాకు తెలియదా?" అత్త పిడికిట్లోంచి తీగ జారిపోయింది. కొలత టేపును మొహానికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. కోడలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ తలను భుజానికి ఆనించుకుంది. ఇద్దరి చెవులూ ఇంకా గింగురుమంటూనే ఉన్నాయి. అందుకే వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు వాళ్ళకు వినపడలేదు.

తెర పక్కకు తొలగింది.

వచ్చింది అతను కాదు. ఒక అమ్మాయి, పాతికేళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. అంత ఎండలోనూ చొక్కాకు మెడదాకా, మణికట్లదాకా గుండీలు పెట్టుకుంది. తెర అంచు పట్టుకుని, లోపలికి అడుగు వెయ్యకుండా, ముందు నేల మీదికి చూసింది. అక్కడ ఎవరైనా పడి ఉన్నారేమోనని చూసినట్టు. తర్వాత కళ్ళెత్తి ఇద్దరినీ చూసింది.

"ఏదో పేలింది," అంది గుసగుసగా. "చూసి రమ్మన్నారు."

"ఎవరు?" అంది కోడలు.

"మా ఆయన. కారులో ఉన్నారు."

అత్త మొహం మీదనుంచి టేపు తీసింది.

"లోపల ఒకావిడ పడిపోయుంటుంది, ఊపిరి ఉందో లేదో చూసి రా అన్నారు." ఆ అమ్మాయి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఎవరావిడ అని నేను అడగలేదు. మా ఇంట్లో అడగడం ఉండదు. మీరే కదా ఆవిడ? మీరు బాగున్నారని చెప్తే ఇవాళ్టికి వెళ్ళిపోతారు, ఇంకోటి కడతారు. పోయారని చెప్తే, కళ్ళారా చూసుకోవడానికి ఇప్పుడే లోపలికి వస్తారు. నేను వెంటనే వెళ్ళాలి, ఆలస్యమైతే..."

వీధిలో కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"తొందరగా చెప్పండక్కా," అంది ఆ అమ్మాయి. "నేనేం చెప్పను?"